నాన్నగారి పాత రోల్స్‌రాయిస్‌లో పెళ్ళికూతుర్ని ఎక్కించాలా?

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం చెప్తాను. ఆయన తండ్రి 1970ల్లో తెనాలి దగ్గరి ఊరి నుంచి డాక్టరుగా వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. పాతికేళ్ళ కిందట ముచ్చటపడి ఒక సెకండ్ హ్యాండ్ రోల్స్‌రాయిస్ కొన్నారు. 1979లో తయారైన సిల్వర్ షాడో 2 అది. ఇప్పుడు పెద్దాయనకి 79. వచ్చే మే నెలలో మనవరాలి పెళ్ళి. అమ్మాయిని ఆ కారులోనే తీసుకెళ్ళాలనీ, తానే నడపాలనీ ఆయన పట్టు.

కిందటి వేసవి నుంచి సిగ్నల్ దగ్గర ఆగి బ్రేకు తొక్కినప్పుడల్లా డాష్‌బోర్డు మీద ఎర్రలైటు ఒకటి మినుక్కుమంటోందట. ఓ అరగంట తిరిగొస్తే ముందు ఎడమ చక్రం నుంచి కాలిన వాసన. పొద్దున్నే గ్యారేజీలో వెనక చక్రం పక్కన తడి. పాత రోల్స్‌రాయిస్‌లు మాత్రమే చేసే ఒక వర్క్‌షాపు చూసి, హైడ్రాలిక్స్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే బ్రేకుల ఏర్పాటు) మొత్తం విప్పి చేయాలి, 8,500 పౌండ్లవుతుంది అంది. ఇంటి దగ్గరి గ్యారేజీ ముందు హోసులు (ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టాలు) రెండు మార్చి ఆయిల్ పోస్తే సరి, 600 చాలు అంది. బావగారేమో ఇదంతా దోపిడీ అని, తానే చేస్తానని ఆన్‌లైన్‌లో హోసులు, ఓ ఆకుపచ్చ ఆయిల్ డబ్బా తెప్పించేశారు. తండ్రి 'ఇన్నేళ్ళుగా నడుపుతున్నా, నా కారు సంగతి నాకు తెలీదా' అంటున్నారు. తల్లి చాటుగా 'అమ్మి పారేయరా' అంటున్నారు. "డబ్బుకి వెనకాడితే పిసినారి కొడుకుని. కారు ఆపమంటే నాన్నని ముసలాయన అన్నట్టు. ఏం చెప్పినా తప్పే అవుతోంది" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

ముందు ఆ ఆకుపచ్చ డబ్బా సంగతి చూద్దాం, మిగతావి తర్వాత. ఇంకా పోయలేదని రాశారు, బతికించారు. దాన్ని ఈరోజే వాపసు పంపేయండి, కనీసం కారున్న గ్యారేజీలో ఉంచకండి. ఆకుపచ్చగా ఉండేది మినరల్ ఆయిల్. 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్‌కి అది సరిపోతుంది. మీ నాన్నగారి షాడోలో పోయాల్సింది ఆర్‌ఆర్ 363 అనే బ్రేక్ ఫ్లూయిడ్. మామూలు గ్లైకాల్ బ్రేక్ ఫ్లూయిడ్‌కి దగ్గరి చుట్టమే, పంపులు అరిగిపోకుండా అందులో ఆముదపు జిడ్డు అదనంగా కలుపుతారు. రెండు కార్లూ ఒకే కంపెనీవి, పక్కపక్కన పెడితే మెకానిజం కూడా ఇంచుమించు ఒకటే అనిపిస్తుంది. కానీ షాడోలో వాడిన రబ్బరు మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. అప్పుడు ఒక సీలో ఒక హోసో మార్చి బయటపడలేరు. పంపులు, వాల్వులు, చక్రాల దగ్గర ప్యాడ్లని నొక్కి పట్టే కాలిపర్లు, హోసులు అన్నీ విప్పాలి, స్టీలు పైపులన్నీ కడగాలి. మీకు చెప్పిన 8,500 అప్పుడు చవకగా కనిపిస్తుంది.

బావగారిని తప్పు పట్టకండి. పాత లగ్జరీ కార్ల విషయంలో చేతిపని బాగా తెలిసినవాళ్ళే ఇక్కడ దెబ్బతింటారు. ఆ డబ్బా మీద కూడా 'రోల్స్‌రాయిస్‌కి తగినది' అని రాసే ఉంటుంది మరి.

ఇక కారు. మామూలు కారులో బ్రేకు తొక్కితే మన కాలి బలమే, కొంచెం సాయంతో, ఆయిల్‌ని చక్రాల దాకా తోస్తుంది. షాడోలో అలా జరగదు. ఫ్రాన్స్ కార్ల కంపెనీ సిట్రోయెన్ వాళ్ళు 1955లో డీఎస్ కారులో ఎక్కువ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్స్ పెట్టారు. రోల్స్‌రాయిస్ ఆ పద్ధతిని వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకుని 1965లో వచ్చిన మొదటి షాడోలో వాడింది. ఇంజిన్ మీద రెండు చిన్న పంపులుంటాయి. ఇంజిన్‌లోని క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ తిరుగుతుంటే అవి ఆయిల్‌ని తోస్తూ రెండు ఇనుప గుండ్లలో నింపుతాయి. వీటినే స్పియర్లు అంటారు. ఒక్కో స్పియర్‌లో మధ్యన రబ్బరు పొర, దానికి ఒకవైపు నైట్రోజన్ గ్యాస్, రెండోవైపు ఆయిల్. అక్కడ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 2,500 పౌండ్లు. కారు టైరులో ఉండేదానికి 80 రెట్లు వేసుకోండి. పెడల్ తొక్కడమంటే ఆ ఒత్తిడికి కొద్దిగా దారి తెరవడమే. మొదట్లో వచ్చిన షాడోల్లో కాలితో నేరుగా పనిచేసే మాస్టర్ సిలిండర్ కూడా ఉండేది. మీ నాన్నగారి షాడో 2లో అదీ లేదు. రెండు సర్క్యూట్లున్నాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది పట్టుకుంటుంది. రెండూ పోతే మాత్రం పెడల్ ఎంత గట్టిగా తొక్కినా ఏమీ జరగదు.

మీరు రాసిన మూడు లక్షణాలనీ ఇప్పుడు విడివిడిగా చూద్దాం. మీ ఇంట్లో అందరూ వాటిని ఒకే జబ్బు కింద లెక్కేస్తున్నారు.

ఆగి ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే ఎర్రలైటు మినుకుతోందంటే ఎక్కువ అనుమానం స్పియర్ మీద. లోపలి గ్యాస్ కారిపోతే దాచుకున్న ఒత్తిడి ఉండదు. పంపు ఎప్పటికప్పుడు ఇచ్చేదే దిక్కు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పంపు చాలదు, లైటు వెలుగుతుంది. కారు కదలకుండానే దీన్ని పరీక్షించవచ్చు. నాలుగైదు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపేయండి. తాళం మళ్ళీ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, పెడల్ పూర్తిగా తొక్కుతూ వదులుతూ లెక్కపెట్టండి. 20 దాటాక లైటు వెలిగితే స్పియర్ పర్వాలేదు. పదిలోపే వెలిగితే దాని పని అయిపోయినట్టే. లెక్క నాన్నగారినే పెట్టమనండి, ఎందుకో తర్వాత చెప్తాను.

చక్రం వేడెక్కడం వేరే సమస్య. నాన్నగారు 'కొత్త ప్యాడ్లు కదా, సర్దుకుంటాయి' అన్నారని రాశారు. వేసి ఏడాది దాటాక కూడా సర్దుకుంటున్న ప్యాడ్లుండవు. ఈ కారులో ముందు ఒక్కో చక్రానికి రెండేసి కాలిపర్లుంటాయి. వాటిలో ఒకటి బ్రేకు వదిలినా వదలట్లేదు. కాలిపర్‌లో పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుని ఉండొచ్చు. దాని దాకా వెళ్ళే రబ్బరు హోస్ లోపల ఉబ్బి, వెళ్ళిన ఆయిల్‌ని తిరిగి రానివ్వకుండా ఉండొచ్చు. ఏదో తేల్చడం మెకానిక్‌కి పెద్ద పనేం కాదు. చక్రం పట్టేసి ఉన్నప్పుడు కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే బ్లీడ్ నట్టు కొంచెం వదులు చేస్తాడు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే ఒత్తిడి లోపల చిక్కుకుందన్నమాట, హోస్‌నే మొదట అనుమానించాలి. అప్పటికీ తిరగకపోతే పిస్టన్. ఈ పరీక్ష చేయకుండానే హోసులు రెండు మార్చేస్తే చాలన్న గ్యారేజీ వాళ్ళు ఊహించి చెప్తున్నారు.

వెనక తడి బహుశా కారు ఎత్తు సరిచేసే ర్యామ్‌ల (ఆయిల్ ఒత్తిడితో కారుని పైకెత్తే సిలిండర్ల) సీళ్ళ నుంచి. వెనక సీట్లో మనుషులు కూర్చున్నా కారు కుంగకుండా చూసేవి అవే. అవి పనిచేసేదీ ఇదే ఆయిల్‌తో, కాబట్టి అక్కడ కారేది కూడా బ్రేకుల ఆయిలే. 'వెనక తడేగా, తుడిచేస్తే పోయె' అనుకోవడానికి లేదు.

ఈ మూడూ బయటికి కనిపించినవి. నా అసలు భయం కనిపించని హోసుల గురించి. ఈ కారు కింద రబ్బరు హోసులు చాలానే ఉంటాయి. ముందు చక్రాల దగ్గర, వెనక సబ్‌ఫ్రేమ్ దగ్గర, ఆయిల్ ట్యాంకు కింద, పంపుల దగ్గర. పాత హోసు మేడిపండు బాపతు, పైన నున్నగా నిగనిగలాడుతుంది, లోపలి పొర పెచ్చులూడుతుంటుంది. ఆ పెచ్చులు కొట్టుకుపోయి వాల్వుల్లో ఇరుక్కుంటాయి. కాబట్టి 'ఏ హోసు పాడైంది' అని కాకుండా 'ఏ హోసు ఎప్పుడు వేశారు' అని అడగాలి. మీ ఉత్తరంలో ఈ ఒక్క సంగతీ లేదు. పెద్దాయన బిల్లుల ఫైలు ఉంచుకునే మనిషనే అనుకుంటున్నాను, ఆ తరం డాక్టర్లు కాగితం పారేయరు. ఆ ఫైలు తీయించండి. హోసుల బిల్లు పదేళ్ళకి అవతలిదైతే, లేదా అసలు బిల్లే లేకపోతే, పాడైనవి మాత్రం మార్చడమనే ఆలోచన వదిలేయండి. అన్నీ ఒకే ఈడువి. కొత్త స్పియర్లతో ఒత్తిడి మళ్ళీ పూర్తిగా వచ్చిందంటే అది పాతవాటి మీదే పడుతుంది.

స్టీలు పైపులూ చూపించండి. మీ దగ్గర చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, కింద నడిచే బ్రేకు పైపులు దానికే తుప్పుపడతాయి. మార్చాల్సి వస్తే రాగి, నికెల్ కలిసిన కునిఫర్ పైపు వేయమనండి, అది తుప్పుపట్టదు.

ఇక్కడే ఇంకో విషయం. బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్ళు దాటిన కార్లకి, పెద్ద మార్పులేవీ చేయకపోతే, ఏటా ఎంఓటీ పరీక్ష (కారు రోడ్డెక్కడానికి తగినదో కాదో చూసేది) తప్పనిసరి కాదు. మీ నాన్నగారి కారుకి 2019లోనే 40 నిండాయి. ఆ తర్వాత ఎవరైనా దాన్ని లిఫ్ట్ మీదికెత్తి కింద చూశారా? పరీక్ష అక్కర్లేదన్నారు గానీ, కారు మంచి స్థితిలో ఉండాలన్న చట్టం ఎక్కడికీ పోలేదు. ప్రమాదకరంగా ఉన్న కారు నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు. కావాలనుకుంటే ఎంఓటీ ఇప్పుడు కూడా చేయించుకోవచ్చు, ఖర్చు కొద్దిగానే. దాంతో హోసు లోపల ఏముందో తెలియదు, కింద తుప్పు, బ్రేకుల పట్టు మాత్రం తెలుస్తాయి. ఇంటివాళ్ళు కానివాళ్ళు రాసిచ్చిన కాగితం ఒకటి చేతికొస్తుంది. మీ ఇంట్లో ఇప్పుడు దాని అవసరం చాలా ఉంది.

ఇక మీ ముందున్న దారులు. ఒకటి మాత్రం దారుల్లో లెక్కకట్టను: లైటు మినుకుతూ చక్రం కాలుతున్న ఈ కారు, దాని సంగతి తేలేదాకా రోడ్డెక్కకూడదు, గుడి దాకా అయినా సరే. మిగతావాటిలో దేని ఫలితం దానిది.

స్పెషలిస్టు చెప్పినట్టు మొత్తం చేయిస్తే చాలా ఏళ్ళు నిశ్చింత. కానీ ఇలాంటి పనిలో మొదట చెప్పిన అంకె దగ్గరే ఆగడం అరుదు. విప్పాక విరిగే బోల్టులుంటాయి, బయటపడే తుప్పుంటుంది. రేపు అమ్మినా ఆ డబ్బు మొత్తం తిరిగిరాదు. నాన్నగారు ఇంకా కొన్నేళ్ళు ఈ కారుతో సరదాపడతారు, లేదా ఆయన తర్వాత మీరు ఉంచుకుంటారు అనుకుంటేనే దీనికి అర్థం ఉంది. పెళ్ళి ఒక్కరోజు కోసమైతే దండగ. ఒప్పుకునే ముందు ఆ 8,500లో ఏముందో విడగొట్టి రాయించుకోండి. హోసులకెంత, స్పియర్లకెంత, కాలిపర్లకెంత, పంపులకెంత, పైపులకెంత. మంచి వర్క్‌షాపు ఇది అడిగితే ఏమీ అనుకోదు.

విడతలుగా చేయించడం రెండో పద్ధతి. మొదటి విడతలో హోసులన్నీ, స్పియర్లు రెండూ, పట్టేసిన కాలిపర్లు, వెనక సీళ్ళు, ఆయిల్ పూర్తిగా కొత్తది. పంపులు, వాల్వుల సంగతి పరీక్షలో తేలినదాన్ని బట్టి వచ్చే ఏడాది. నేనైతే ఇటే మొగ్గుతాను. దీనిలోనూ చిక్కుంది. పాత పంపుల సీళ్ళు అలాగే ఉంటాయి, అవి రేపే మొరాయించవచ్చు. అందుకని పని అయ్యాక కనీసం నెలరోజులు దగ్గర్లోనే తిప్పి చూశాకే పెళ్ళికి వాడాలి. శుక్రవారం వర్క్‌షాపు నుంచి వచ్చిన కారులో శనివారం పెళ్ళికూతుర్ని ఎక్కించకండి.

ఇంటి దగ్గరి గ్యారేజీని పూర్తిగా కొట్టిపారేయను. వాళ్ళకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "ఇందులో ఏ ఆయిల్ పోస్తారు?" 'బ్రేకాయిల్ ఏదైతే ఏమండీ' అంటే థాంక్స్ చెప్పి పెట్టేయండి. ఆర్‌ఆర్ 363 అని చెప్పి, విప్పే ముందు సిస్టమ్‌లో ఒత్తిడి ఎలా దించుతారో కూడా వాళ్ళంతట వాళ్ళే చెప్తే, మాట్లాడదగిన మనుషులే. అప్పుడైనా రెండు హోసుల పనికి ఒప్పుకోవద్దు.

కారుని ఈసారికి పక్కన పెట్టడం ఇంకో దారి. బ్రిటన్‌లో పెళ్ళిళ్ళకి డ్రైవర్‌తో సహా సిల్వర్ షాడోలు అద్దెకిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. అమ్మాయి వెనక, తాతగారు ముందు సీట్లో. ఆయన కారుని ట్రక్కు మీద తెప్పించి హాలు ముందు పూలతో నిలబెట్టొచ్చు, ఫోటోలన్నీ దాని దగ్గరే. ఖర్చు తక్కువ, తొందర ఉండదు. ఆయనకి చివుక్కుమంటుంది, అది దాచిపెట్టి లాభం లేదు. పెళ్ళయ్యాక మాత్రం కారుని అలాగే మూల పడేయొద్దు. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వాడకుండా వదిలేస్తే లోపలి పంపులకీ పిస్టన్లకీ తుప్పు పడుతుంది. తిరిగే కారు కంటే ఆగిపోయిన కారే హైడ్రాలిక్స్‌కి ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

అమ్మడమంటారా, లోపాలన్నీ రాసి అమ్మితే ధర బాగా తగ్గుతుంది, రాయకుండా అమ్మితే కోర్టు దాకా రావచ్చు. అంతకన్నా ముందు అమ్మని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ఆవిడకి చికాకు కారు మీదా, లేక భర్త ఈ వయసులో డ్రైవ్ చేస్తున్నారన్న భయమా? భయమే అయితే కారు అమ్మినా పోదు, రేపు ఇంకో కారు తీస్తారు. 70 దాటినవాళ్ళు మూడేళ్ళకోసారి లైసెన్సు రెన్యూ చేసుకోవాలి కదా. కంటిచూపు, మందులు, ఆ సంగతులు దానితో కలిపి వేరేగా మాట్లాడుకోండి. హోసుల పేరు చెప్పి నాన్నగారి డ్రైవింగ్ ఆపించాలని చూస్తే ఆయనకి తెలిసిపోతుంది, ఆ తర్వాత హోసుల గురించి చెప్పింది కూడా నమ్మరు.

ఇప్పుడు ఆయనకి ఎలా చెప్పాలన్నది. "ఇన్నేళ్ళుగా ఏం కాలేదు" అన్న పెద్దమనిషితో వాదన పెట్టుకుని ఎవరూ గెలవలేదు. పైగా ఆయన అన్నది నిజమే, ఏం కాలేదు. అందుకే బ్రేకు లెక్క ఆయన్నే పెట్టమన్నాను. తన కాలి కిందే ఏడోసారికి లైటు వెలిగితే మీరు నోరు విప్పక్కర్లేదు. ఒకవేళ 25 దాకా వచ్చిందనుకోండి, మీ అనుమానమే తప్పని ఒప్పుకుని చక్రం దగ్గరికి వెళ్ళండి. ఆ తర్వాత ఫైలు. "హోసులు ఎప్పుడు మార్పించారు నాన్నా?" అని అడిగి ఊరుకోండి. స్పెషలిస్టు దగ్గరికి ఆయన్ని కూడా తీసుకెళ్ళి, ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. పాతికేళ్ళ కారు చరిత్ర ఆ వర్క్‌షాపువాళ్ళకీ పనికొస్తుంది. ఖర్చు మీరే మొత్తం భరిస్తానని పైన పడొద్దు. సొంత కారు బాగుచేయించుకోవడానికి ఆయనకి కొడుకు డబ్బు కావాలో లేదో ఆయన్నే తేల్చుకోనివ్వండి. మీరు పిసినారి అని ఆయన అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు, ఆ మాట మీదే.

బావగారి ఉత్సాహాన్ని కూడా వాడుకోవచ్చు. రెండు టన్నులు దాటిన కారు కింద, జాకీ మీద నిలబెట్టి మాత్రం దూరనివ్వకండి. ఒత్తిడి పూర్తిగా దించకుండా ఒక్క నట్టు కూడా తాకనివ్వకండి. ఇంత ఒత్తిడిలో సూది మొనంత కన్నంలోంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాటు, లోపల కండ చచ్చిపోతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క పెట్టి చూడాలి. ఈ మాట నాన్నగారి చేత చెప్పించండి, డాక్టరుగా ఆయన చెప్తే బావగారు వింటారు. ఆయన తెప్పించిన హోసులు మీ చాసిస్ నంబరుకి సరిపోయేవో కావో వర్క్‌షాపులో చూపించండి, సరిపోతే ఖర్చులో ఆ మేరకు తగ్గుతుంది. సరిపోకపోతే డబ్బాతో పాటే వాపసు.

పెళ్ళి మేలో అన్నారు. పాత రోల్స్‌రాయిస్‌లు చేసే వర్క్‌షాపుల్లో వసంతం వచ్చేసరికి పెళ్ళిళ్ళ కార్లన్నీ క్యూ కడతాయి. విడతలుగా అయినా చేయించాలనుకుంటే తేదీ ఇప్పుడే అడగండి. మార్చి దాటాక ఇస్తామంటే అద్దె షాడోకి అడ్వాన్స్ ఇచ్చేయండి, నాన్నగారి కారు పని పెళ్ళయ్యాక నిదానంగా చేయించుకోవచ్చు.